బీపీ మాత్ర మింగి కొండెక్కితే

హిందూపురం ఎం.జి.ఎం. మైదానంలో తెల్లారకముందే నడకకు జనం దిగుతారు. ఇప్పుడు వాళ్ళలో చాలామంది మణికట్టుకు గుండె వేగం చూపించే వాచీ ఉంటోంది. యాభై అయిదేళ్ళ మనిషి అనుకోండి. వాచీ 220 లోంచి ఆయన వయసు తీసేసి 165 అని లెక్క కడుతుంది. అందులో 70 శాతం, అంటే నిమిషానికి 115 దాకా గుండె కొట్టుకుంటేనే వ్యాయామం చేసినట్టు అంటుంది. ఆయనకేమో చొక్కా తడిసిపోయింది, పక్కన నడిచేవాళ్ళు ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి ఊపిరి చాలడం లేదు. వాచీలో మాత్రం 96 దాటదు. ఇంకా వేగం పెంచమంటుంది. పెంచుతాడు. మరో రెండు చుట్లకే తొడలు బరువెక్కి గట్టు మీద కూలబడతాడు.

వాచీ చెడిపోలేదు. ఆయన గుండెకూ కొత్తగా ఏమీ కాలేదు. పొద్దున మింగిన బీపీ మాత్ర తన పని తాను చేసుకుపోతోంది, అంతే. ఆ సంగతి వాచీకి తెలియదు. చాలాసార్లు మాత్ర మింగినవాళ్ళకు కూడా ఎవరూ చెప్పరు. 'రోజూ ఒకటి వేసుకోండి, అరగంట నడవండి' అని రెండు సలహాలు ఒకే చీటీ మీద రాసి పంపుతారు. ఆ రెండూ ఒంట్లో ఎక్కడ కలుసుకుంటాయో, ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో చెప్పే తీరిక ఓపీ వరుసలో ఉండదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది. అంటే ఇది ఇంటింటి విషయం. అందుకే కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది, బీపీ మాత్రలన్నీ ఒకటి కావు. ఒకటి గుండె మీద పనిచేస్తుంది, ఒకటి రక్తనాళాల గోడల మీద, ఇంకొకటి మూత్రపిండాల మీద. విశ్రాంతిగా కూర్చుని కొలిస్తే అన్నీ పోటును తగ్గించినట్టే కనబడతాయి. లేచి నడిచినప్పుడు, ఎండలో పనిచేసినప్పుడు, కొండెక్కినప్పుడు వాటి తేడాలు బయటపడతాయి.

మైదానంలో కూలబడిన మనిషిది బహుశా అటెనొలాల్, మెటోప్రొలాల్, బైసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర. నడక మొదలుపెట్టగానే గుండె వేగం రెండు అంచెల్లో పెరుగుతుంది. మొదట వేగస్ నాడి తన పట్టు సడలిస్తుంది. 70 ఉన్న వేగం 100 దరిదాపులకు రావడానికి చాలావరకు అదే చాలు. ఆపైన పెరగాలంటే అడ్రినలిన్, నారడ్రినలిన్ కావాలి. అవి గుండె కణాల మీదున్న బీటా గ్రాహకాలను తాకితేనే గుండె మరింత వేగంగా, మరింత గట్టిగా కొట్టుకుంటుంది. బీటా బ్లాకర్లు ముందే వెళ్ళి ఆ గ్రాహకాలను ఆక్రమించుకుంటాయి. స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1960ల్లో ప్రొప్రనొలాల్‌ను తయారుచేసింది సరిగ్గా ఈ ఆలోచనతోనే. ఛాతీనొప్పి ఉన్నవాళ్ళ గుండెకు ఎక్కువ రక్తం ఎలా పంపాలా అని అందరూ తల బద్దలు కొట్టుకుంటుంటే, ఆయన గుండెకు కావాల్సిన ఆక్సిజన్‌నే తగ్గిద్దామనుకున్నాడు. 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మాత్ర మీద ఉన్నవాళ్ళకు గుండె చేరగలిగే గరిష్ఠ వేగం నిమిషానికి 20, 30 దాకా తగ్గుతుంది. మోతాదు పెద్దదైతే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఆ 115 ఆయన రోజూ అందుకోవాల్సిన గురి కాదు, ఆయన గుండెకు దాదాపు చివరి హద్దు కావచ్చు. గుండె ఊరుకోదు, ఒక్కో దెబ్బకు కాస్త ఎక్కువ రక్తం తోసి లోటు పూడ్చడానికి చూస్తుంది. అయినా పూర్తిగా పూడదు. పైగా కొవ్వును కరిగించి రక్తంలోకి వదలడం, కండరాల్లో దాచిన గ్లైకోజెన్‌ను విడగొట్టడం కూడా కొంతవరకు అడ్రినలిన్ చేతిలోనే ఉంటాయి. అందుకే ఆ తొడల బరువు. ప్రొప్రనొలాల్ లాంటి పాత మందులతో ఇది ఎక్కువ, గుండె గ్రాహకాలనే ఎంచుకుని పట్టే కొత్త మందులతో తక్కువ.

మరి నడక దండగా? కానే కాదు. బీటా బ్లాకర్ల మీద ఉన్నవాళ్ళు కూడా క్రమంగా నడిస్తే దమ్ము పెరుగుతుంది, అలుపు తగ్గుతుంది, పోటూ తగ్గుతుంది. మారాల్సింది కొలత ఒక్కటే. నడుస్తూ పక్కవాళ్ళతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి, కానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు. అదే సరైన వేగం. ఇది ఏదో ఊరి చిట్కా అనుకోకండి, వ్యాయామ శాస్త్రంలో 'మాట పరీక్ష' అని పేరున్న పద్ధతి. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ శ్రమను 6 నుంచి 20 దాకా అంకెలతో చెప్పే కొలబద్ద తయారుచేశాడు. ఆరోగ్యంగా ఉన్న యువకులకు ఆ అంకెను పదితో హెచ్చవేస్తే దాదాపుగా గుండె వేగం వస్తుంది. బీటా బ్లాకర్ వేసుకున్నవాళ్ళకు ఆ హెచ్చవేత తప్పిపోతుంది గానీ, అంకె తప్పదు. 'కొంచెం కష్టంగానే ఉంది' అనిపించే 12, 13 దగ్గర నడిస్తే చాలు. వాచీని ఇంట్లో పెట్టేయమని నేననను. దాని అంకెను పక్కవాళ్ళ అంకెతో పోల్చుకోకండి. పోయిన నెల ఇదే వేగానికి మీ వాచీ ఎంత చూపిందో దానితో పోల్చుకోండి.

షుగరు కూడా ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకూ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకూ ఖాళీ కడుపుతో నడిస్తే చక్కెర పడిపోవచ్చు. మామూలుగా అయితే గుండె దడ, చేతుల వణుకు ముందే హెచ్చరిస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెండిటినీ అణిచేస్తుంది. చెమట ఒక్కటే మిగులుతుంది. చల్లటి పొద్దుటి పూట, వేగంగా నడవకుండానే ఒళ్ళంతా చెమట పట్టిందంటే అది నడక చెమట కాదు, వెంటనే ఏదైనా తీపి నోట్లో వేసుకోవాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. 'ఈ మాత్రతో నడవలేకపోతున్నా' అని ఎవరికి వారే దాన్ని ఆపేయకూడదు. ఇన్నాళ్ళూ మాత్ర అడ్డుకున్నందుకు గుండె కణాల మీద గ్రాహకాలు పెరిగి ఉంటాయి. ఒక్కసారిగా అడ్డు తీసేస్తే అడ్రినలిన్ దెబ్బ రెట్టింపుగా తగులుతుంది, ఛాతీనొప్పి, గుండెపోటు దాకా పోవచ్చు. ఆపాల్సి వస్తే డాక్టరు రోజుల తరబడి, వారాల తరబడి తగ్గిస్తూ ఆపుతారు. గుండెపోటు వచ్చినవాళ్ళకు, గుండె లయ తప్పినవాళ్ళకు, గుండె బలహీనపడినవాళ్ళకు ఈ మాత్ర ప్రాణదాత. అలాంటి జబ్బేమీ లేకుండా వట్టి రక్తపోటు మాత్రమే ఉన్నవాళ్ళ సంగతి వేరు. బ్రిటన్ మార్గదర్శకాలు 2006 నుంచే వాళ్ళకు దీన్ని తొలి మందుగా చెప్పడం మానేశాయి. కాబట్టి 'నాకు ఇది ఏ కారణానికి రాశారు, వేరేది సరిపోతుందా' అని డాక్టర్ని అడగడం మీ హక్కు.

అడగాలంటే ముందు పేరు తెలియాలి. మందుల షాపుకి పోయి 'బీపీది ఒక షీటు ఇవ్వన్నా' అంటే సరిపోతుంది గదా అని మనం పేరు చూడం. ఈసారి చూడండి. కంపెనీ పేరు పక్కన చిన్న అక్షరాలుంటాయి. ఏటీ అని ఉంటే సాధారణంగా అమ్లోడిపిన్‌తో పాటు అటెనొలాల్ కలిసిందని. ఏఎం అంటే అమ్లోడిపిన్ కలిసిందని. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, అంటే మూత్రం ఎక్కువ వెళ్ళేలా చేసే మందు కలిసిందని. కంపెనీని బట్టి ఈ అక్షరాలు మారవచ్చు కాబట్టి, వెనకవైపు సన్నగా అచ్చేసిన మందుల పేర్లే నమ్మండి. ఒక్క మాత్రే వేసుకుంటున్నానని అనుకునేవాళ్ళలో ఎంతోమంది నిజానికి రెండు మందులు వేసుకుంటుంటారు.

ఇక పెనుకొండ. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు, ఈ కొండనూ కోటనూ నమ్ముకునే. ఇప్పుడు ఆదివారాలు కుర్రవాళ్ళతో పాటు అరవై దాటినవాళ్ళూ ఎక్కుతుంటారు. ఎక్కేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఊరికే కూర్చుంటే గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం తోస్తుంది. నిటారు ఎక్కుడులో అది 15 లీటర్లు దాటిపోతుంది. విశ్రాంతిలో ఆ రక్తంలో కండరాలకు అందేది అయిదో వంతు కూడా కాదు, గట్టి శ్రమలో 80 శాతం దాకా వాటికే పోతుంది. చెరువు కింద నీరుగంటి ఒక కాలువ తూము తెరిచి, ఇంకొక దాన్ని బిగించి, ఎండిన మడికి నీళ్ళు మళ్ళించినట్టే, ఒళ్ళు పేగులకూ మూత్రపిండాలకూ పోయే నాళాలను బిగించి, కాళ్ళ కండరాల నాళాలను తెరుస్తుంది. ఇంత రక్తం తోయాలి కాబట్టి బీపీలో పై అంకె పెరుగుతుంది. ఏ జబ్బూ లేని మనిషికి కూడా కొండెక్కేటప్పుడు 160, 180 అవుతుంది, ఇంకా ఎక్కువ కష్టపడితే 200 తాకుతుంది. కింది అంకె పెద్దగా మారదు, కొంచెం దిగుతుంది కూడా. మాత్ర వేసుకున్నవాళ్ళకూ ఇలాగే పెరుగుతుంది. కాకపోతే కింది మెట్టు నుంచి మొదలై, చాలామందిలో కింది మెట్టు దగ్గరే ఆగుతుంది. నడిచి రాగానే బీపీ మిషన్ చేతికి చుట్టుకుని 165 చూసి హడలిపోయేవాళ్ళున్నారు. అది జబ్బు అంకె కాదు, శ్రమ అంకె. కనీసం అరగంట ఆగి, అయిదు నిమిషాలు మెదలకుండా కూర్చున్నాక కొలవాలి.

ప్రమాదం ఎక్కేటప్పటి కన్నా పైకి చేరి టక్కున నిలబడిపోయినప్పుడే ఎక్కువ. నడుస్తున్నంత సేపూ పిక్కల కండరాలు బిగుసుకుని వదులవుతూ సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతుంటాయి. ఆగితే ఆ పిండడం ఆగుతుంది. తెరుచుకున్న నాళాలు మాత్రం వెంటనే మూసుకోవు. రక్తం కాళ్ళల్లో నిలిచిపోతుంది, తలకు చాలదు. కళ్ళు బైర్లు కమ్ముతాయి. అమ్లోడిపిన్, నైఫెడిపిన్ లాంటి మందులు నాళాల గోడల్లోని కండరాలకు కాల్షియం అందకుండా చేసి వాటిని వదులు చేస్తాయి కాబట్టి ఈ తల తిరుగుడు ఇంకొంచెం ఎక్కువ. ప్రాజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్లతో మరీ ఎక్కువ. మూత్రం ధార సన్నబడిందని పెద్దవయసు మగవాళ్ళకు ఇచ్చే టామ్సులోసిన్ కూడా ఆ జాతిదే. బీపీ మాత్ర ఒక డాక్టరు, ఇది వేరొక డాక్టరు రాసి ఉంటారు, రెండూ కలిసే చోటు ఆ కొండ మీదే. అందుకని పైకి చేరాక బండ మీద చతికిలబడకుండా అయిదు, పది నిమిషాలు అటూ ఇటూ నెమ్మదిగా నడవాలి. 'తల తిరుగుతాండాది' అని ఎవరైనా అంటే నీళ్ళు మొహాన కొట్టడం కాదు, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి.

అమ్లోడిపిన్ గురించి భయపడాల్సిన పనిలేదని కూడా ఇక్కడే చెప్పాలి. అది గుండె వేగాన్ని పట్టి ఉంచదు, నడక సత్తువను పెద్దగా తగ్గించదు. 2017 నవంబరులో తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో అమ్లోడిపిన్‌నే ముందు వరుసలో పెట్టారు. నడిచేవాళ్ళకు ఇది చాలావరకు అనుకూలమైన మందే. డిల్టియాజెమ్, వెరాపమిల్ అనే వాటి బంధువులు మాత్రం గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి.

కొండ దిగాక ఇంకొక విశేషం ఉంది. వ్యాయామం ముగిశాక గంటల తరబడి, కొందరిలో దాదాపు రోజంతా, పోటు మామూలు కన్నా తక్కువగా ఉంటుంది. రక్తపోటు ఉన్నవాళ్ళలో ఇది సగటున 5 నుంచి 7 అంకెల తగ్గుదల. కారణం వెతికితే దొరికింది హిస్టమిన్. దద్దుర్లూ తుమ్ములూ తెప్పించే ఆ హిస్టమినే! అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జాన్ హాలివిల్ బృందం వ్యాయామం చేసినవాళ్ళకు ముందుగా హిస్టమిన్‌ను అడ్డుకునే మందులిచ్చి చూసింది. పోటు తగ్గుదల చాలావరకు మాయమైంది. అంటే కష్టపడిన కండరమే తన నాళాలను తెరిచి ఉంచుతోంది. ఈ తగ్గుదల మీ మాత్ర తగ్గింపుతో కలుస్తుంది. నడక నుంచి రాగానే సలసల కాగే నీళ్ళతో స్నానం చేసి, చర్మంలోని నాళాలను కూడా తెరిస్తే మూడు తగ్గింపులు ఒకచోట చేరతాయి. స్నానాల గదిలో తూలి పడడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

ధర్మవరంలో నడక మాట ఎత్తితే వచ్చే జవాబు వేరు. 'పొద్దంతా మగ్గం తొక్కేదే, ఇంకా నడిచేది యాడిది స్వామీ?' ఈ ప్రశ్నను నేను చాలా గౌరవంగా తీసుకుంటాను. గుంత మగ్గం మీద కూర్చున్న మనిషిని దగ్గరగా చూడండి. నడుము వంగి ఉంటుంది. కాళ్ళు గుంతలో వేలాడుతూ ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాయి. చేతులు ఆగవు. చూపు జరీ అంచు మీద నుంచి కదలదు. పట్టు చీర ఒకటి పూర్తయ్యే దాకా రోజుల తరబడి ఇదే భంగిమ. ఒంటికి కష్టం నిజం, అలుపు నిజం. కానీ ఆ కష్టం గుండెకు చేసే మేలు నడక చేసే మేలు కాదు.

ఈ తేడాను కొలిచినవాళ్ళున్నారు. 2021లో డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్మన్ బృందం కోపెన్‌హాగన్‌లో లక్షా నాలుగు వేలకు పైగా మనుషుల వివరాలు పరిశీలించింది. తీరిక వేళల్లో ఒళ్ళు కదిలించేవాళ్ళకు గుండె జబ్బుల ముప్పు తగ్గింది, బతుకుతెరువు కోసం ఒళ్ళు వంచేవాళ్ళకు పెరిగింది. దాన్ని ఆయన శారీరక శ్రమలోని వైరుధ్యం అన్నాడు. తీరిక వేళ నడక కాసేపు గుండె వేగాన్ని పెంచి, తర్వాత విశ్రాంతినిస్తుంది. పని అలా కాదు. పోటును ఓ మోస్తరుగా పెంచి ఎనిమిది, పది గంటలు అక్కడే నిలబెడుతుంది. ఆగాలనిపించినప్పుడు ఆగే స్వేచ్ఛ ఉండదు, తేరుకునే వ్యవధి ఉండదు. డెన్మార్క్ కూలీకి, ధర్మవరం నేతగాడికి బతుకులో తేడాలు బోలెడు, ఆ అంకెలు ఇక్కడ అచ్చంగా వర్తిస్తాయని అననుగానీ, ఒంటి ధర్మం ఒకటే. మగ్గం దిగాక చెరువు కట్ట మీద ఇరవై నిమిషాలు నడవమనడం కష్టజీవిని సోమరి అనడం కాదు. రోజంతా ఒకే తీరున బిగిసిన ఒంటికి వేరే తీరు కదలికను ఇమ్మనడం.

మగ్గం మీద అమ్లోడిపిన్ ఇంకొక చిక్కు తెస్తుంది. సాయంత్రానికి చీలమండలు వాస్తాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఒంట్లో నీరు చేరిందని, కిడ్నీ పోయిందని బెదిరిపోతారు. ఈ మందు ధమనుల చివరి సన్న నాళాలను తెరిచినంతగా సిరలను తెరవదు. కాబట్టి కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు చుట్టూ ఊరుతుంది. కాళ్ళు గంటల తరబడి వేలాడే పనిలో ఇది మరీ ఎక్కువ. మోతాదు తగ్గించినా, టెల్మిసార్టాన్ లాంటిది జోడించినా చాలామందిలో తగ్గుతుంది. గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేసి మునివేళ్ళ మీద లేచి దిగినా మేలే. వాపు ఒక్క కాలికే వచ్చినా, నొప్పితో వచ్చినా, ఆయాసంతో కలిసి వచ్చినా మాత్ర మీదికి నెట్టేయకుండా డాక్టరుకు చూపించాలి.

నాకు అన్నిటికన్నా భయం వేసేది నొప్పుల మాత్రలంటే. నడుం పట్టేసిందని, మెడ లాగేసిందని డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ రోజూ మింగేవాళ్ళు నేతపనిలో, వ్యవసాయంలో కొల్లలు. ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచి పోటును పెంచుతాయి. అంతకన్నా పెద్ద ముప్పు మూత్రపిండాలకు. మూత్రపిండంలోని జల్లెడకు రక్తం లోపలికి వచ్చే నాళం తెరుచుకుని ఉండాలి, బయటికి పోయే నాళం తగినంత బిగుతుగా ఉండాలి. అప్పుడే వడపోతకు ఒత్తిడి ఉంటుంది. నొప్పి మాత్ర లోపలి నాళాన్ని ముడుచుకునేలా చేస్తుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ బయటి నాళాన్ని వదులు చేస్తాయి. హెచ్ అక్షరం మందు నీటినే తగ్గిస్తుంది. ఈ మూడూ ఒకే మనిషిలో, ఏప్రిల్ ఎండలో, చెమట కారే పనిలో కలిస్తే మూత్రపిండం చతికిలపడవచ్చు. నొప్పికి పారాసెటమాల్ మేలే. అయితే అదీ అనుదినం పెద్ద మోతాదులో వద్దు. 2022లో ఎడిన్‌బరోలో జరిగిన పరీక్షలో రోజుకు 4 గ్రాముల చొప్పున రెండు వారాలు వాడితే పోటు దాదాపు 5 అంకెలు పెరిగింది.

వీటిలో ప్రిల్ అనే తోకున్న మందుల పుట్టుక ముచ్చటైనది. బ్రెజిల్‌లో జరారాకా అనే పింజర జాతి పాము కరిస్తే మనిషి పోటు పడిపోయి కుప్పకూలతాడు. 1965లో సెర్జియో ఫెరీరా ఆ విషంలో ఏముందో వేరు చేసి చూపాడు. ఆ దారి పట్టుకుని అమెరికాలో డేవిడ్ కుష్మన్, మిగెల్ ఒండెట్టి మాత్రగా మింగగలిగే క్యాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో అది అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ప్రిల్, సార్టాన్ మందులు అడ్డుకునేది యాంజియోటెన్సిన్ అనే పదార్థాన్ని. మామూలు నడకలో దీని లోటు పెద్దగా తెలియదు. వ్యాయామం చేసేవాళ్ళకు ఇవి బాగా కుదిరే మందులని డాక్టర్లు అనేది అందుకే. గుండె వేగం మామూలుగానే పెరుగుతుంది, కాళ్ళు బరువెక్కవు. కానీ ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు పోటు పడిపోకుండా ఆదుకునేది ఆ యాంజియోటెన్సినే. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున, ఎండదెబ్బ తగిలిన రోజున నడక మానేసి, ఆ రోజు మాత్ర వేసుకోవాలా అని ఫోన్ చేసి అడగాలి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనే మూడు ఊళ్ళూ ఉన్నా వాటి ఎండ ఒకటి కాదు. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, పొద్దుట గాలి చల్లగా తగులుతుంది. ధర్మవరం దానికన్నా చాలా పల్లం, వేసవిలో ఎనిమిదింటికే నేల సెగ కక్కుతుంది. వేడిలో నడిచేటప్పుడు గుండెకు రెండు పనులు. కండరాలకు రక్తం ఇవ్వాలి, ఒంటి వేడిని బయటికి పంపడానికి చర్మానికీ ఇవ్వాలి. తీవ్రమైన వేడిలో చర్మం ఒక్కటే నిమిషానికి 6, 7 లీటర్లు లాగేసుకుంటుంది. బీటా బ్లాకర్ గుండెకు వేగం పెంచే వెసులుబాటు లేకుండా చేస్తుంది, చర్మానికి పోయే రక్తాన్నీ తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో రక్తంలోని నీటి భాగమే తగ్గుతుంది, పొటాషియం కూడా పోతుంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడానికి అదొక కారణం. ఈ మందులు కొత్తగా మొదలైనా, మోతాదు పెరిగినా రెండు మూడు వారాలు నడక తేలిక చేసుకోవాలి. వేసవిలో ఆరున్నరకల్లా ముగించాలి.

చెమట పోయింది గదా అని మజ్జిగలో ఉప్పు దండిగా వేసుకోవడం మనవాళ్ళ అలవాటు. గంట నడకలో పోయిన ఉప్పు ఉగ్గాని, ఊరగాయ తినే మన పూటకూటిలో ఎప్పుడో తిరిగి వచ్చేస్తుంది. పలచటి మజ్జిగ, చిటికెడు ఉప్పు చాలు. పొద్దంతా ఎండలో పనిచేస్తూ హెచ్ అక్షరం మాత్ర వేసుకునే పెద్దవాళ్ళ విషయంలో మాత్రం ఉప్పు తగ్గిపోయి మగత, తికమక రావచ్చు, దాన్ని వయసు మీదికి నెట్టకూడదు. బజారులో 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. సార్టాన్, ప్రిల్ మందులు పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతాయి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళు ఈ రెంటినీ అడగకుండా కలపకూడదు.

మాత్ర వేసుకోవాల్సింది నడకకు ముందా, తర్వాతా? ఇది అందరూ అడిగేదే. బ్రిటన్‌లో 21,104 మంది మీద అయిదేళ్ళకు పైగా సాగిన టైమ్ అనే అధ్యయనం 2022లో తేల్చింది. పొద్దున వేసుకున్నా, రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు మారేవాళ్ళకు ఇది ఊరట. మరిచిపోకుండా ఉండే వేళ ఏదైతే అదే మంచి వేళ. నడకలో తల తిరిగేవాళ్ళు వేళ మార్చుకునే మాట డాక్టరుతో మాట్లాడవచ్చు. నీరు పోగొట్టే మాత్ర రాత్రి వేసుకుంటే మాత్రం నిద్ర పాడవుతుంది.

నడకతో మాత్ర మానేయొచ్చా అన్నది రెండో ప్రశ్న. 2018లో హుసేన్ నాజీ బృందం 391 పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. పై అంకె 140 దాటినవాళ్ళలో వ్యాయామం తగ్గించేది మందులు తగ్గించేదానికి దాదాపు సమానంగా కనబడింది. ఈ వార్త చదివి మాత్రలు పారేసినవాళ్ళు ఆగండి. వ్యాయామాన్నీ మందునూ ఎదురెదురుగా నిలబెట్టి పోల్చిన పరీక్ష అందులో ఒక్కటీ లేదు. పైగా మాత్రలు పక్షవాతాన్నీ గుండెపోటునూ ఆపుతాయని దశాబ్దాల రుజువు ఉంది. నడక మాత్రకు బదులు కాదు, జత. కొందరికి ఆ జత వల్ల మోతాదు తగ్గుతుంది, తేలికపాటి పోటున్న కొందరికి డాక్టరు చూపు కింద మాత్ర ఆగుతుంది కూడా.

వ్యాయామాల్లో ఏది మేలన్న దానికి 2023లో వచ్చిన సమీక్ష ఆశ్చర్యకరమైన జవాబు చెప్పింది. 270 పరీక్షల లెక్కలో పై అంకెను అన్నిటికన్నా ఎక్కువ తగ్గించింది కదలకుండా బిగించి నిలిపే వ్యాయామాలు, సగటున 8 అంకెలు. నడక, పరుగు లాంటివి నాలుగున్నర. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి రెండు నిమిషాలు నిలవడం, కాస్త విశ్రాంతి, మళ్ళీ నిలవడం, ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. ఊపిరి బిగబట్టకుండా చేయాలి. జిమ్‌లో శక్తికి మించిన బరువెత్తడం దీనికి పూర్తిగా వేరు. 1985లో కెనడాలో మెక్‌డూగల్ బృందం అయిదుగురు బాడీబిల్డర్ల ధమనుల్లోనే సూది పెట్టి కొలిస్తే, రెండు కాళ్ళతో బరువు నెట్టేటప్పుడు పోటు సగటున 320/250 వచ్చింది. ఏ మాత్రా దాన్ని పూర్తిగా ఆపలేదు. విశ్రాంతిలోనే 180/110 దాటి ఉన్న రోజున బరువులూ వద్దు, కొండా వద్దు, ముందు డాక్టరు. నడుస్తుండగా ఛాతీ బిగుసుకున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, స్పృహ తప్పుతున్నట్టు అనిపించినా అక్కడికక్కడే ఆగి 108కి ఫోన్ చేయాలి.

నడక మొదలుపెట్టి రెండు మూడు నెలలు దాటినవాళ్ళకు ఒక పని ఉంది. ఒంటి పోటు దిగింది, మాత్ర మోతాదు మాత్రం పాతదే. ఆరోగ్య కేంద్రంలో కూర్చోబెట్టి కొలిస్తే 122/78 అని బాగానే కనబడుతుంది. తెల్లారి మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తున్న సంగతి ఆ అంకెలో లేదు. ఈసారి నర్సమ్మను నిలబెట్టి కూడా కొలవమని అడగండి. లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏ మాత్ర, ఎంత, ఏ వేళకు వేసుకుంటున్నారో చూడ్డానికి షీటు కూడా చేతిలో పెట్టుకుని వెళ్ళండి.